తాడు పట్టేది ఎవరు?

కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, సరుకుల లారీ ఆగిపోయిన రోజున ఎవరు బతుకుతారు? కెనడాలోని అనిషినాబె రచయిత వౌబ్‌గెషిగ్ రైస్ 2018లో ఈ ప్రశ్న మీదే ‘మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో’ నవల రాశాడు. ఉత్తరాన ఒక ఆదివాసీ ఊరు. చలికాలం మొదట్లో బయటి లోకంతో తెగతెంపులవుతాయి. దక్షిణం నుంచి తుపాకులతో ఒక తెల్లవాడు దిగి పెత్తనం మొదలుపెడతాడు. కానీ ఊరిని నిలబెట్టేది వాడు కాదు. వేట తెలిసిన ఇవాన్ వైట్‌స్కై, పాత మాటలు మరవని ముసలమ్మ ఐలీన్ లాంటివాళ్లు. తమ లోకం ఎప్పుడో కూలిందనీ, ఒక్కసారి కాదనీ, అయినా తాము ఉన్నామనీ ఆ ముసలమ్మకు తెలుసు.

ఆ పుస్తకం చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. మనకేది అలాంటి నవల? నల్లమల అడవి మన గడప ముందే ఉంది, అందులో చెంచులున్నారు. చెంచులంటే మన సినిమాకు ‘చెంచులక్ష్మి’ ఒక్కటే తెలుసు. 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి తీశాం. దేవుడు దిగొచ్చి పెళ్లాడే పిల్లగానే చెంచు ఆడబిడ్డను చూశాం. జనాన్ని నడిపే మనిషిగా ఎప్పుడు చూశాం?

లోకం కూలడం గురించి వాళ్లకు మనం చెప్పేదేముంది! 1940లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమికి వచ్చేనాటికే అడవి మీద పెత్తనం వాళ్ల చెయ్యి దాటింది. 1978లో అభయారణ్యం అన్నారు, 1983లో పులుల ప్రాజెక్టు అన్నారు. 2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకుతామన్నారు.  అమ్రాబాద్, పదర జనం రోడ్డెక్కితే గాని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చెయ్యలేదు. ఇన్నిసార్లు కూలి, ఇంకా పెంటలో, అంటే తమ అడవి గూడెంలో, పొయ్యి వెలిగించుకుంటున్న మనుషులు వాళ్లు.

మన సంగతి? 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లలో కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్లు మునిగాయి. పాలమూరు మనిషికి కష్టమొస్తే తెలిసింది వలస ఒక్కటే. బస్సెక్కి బొంబాయి పోయాడు. రేపు బస్సే లేకపోతే ఏం చేస్తాడు?

ఒక పొద్దున మన్ననూరు అవతల ఒక చెంచు ముసలాయన గడ్డ తవ్వుతుంటే పక్కన కూర్చుని చూశాను. తీగ ఎక్కడ నేలలోకి దిగిందో ముందు వేలితో తడిమాడు. ఇనుప మొన బిగించిన కర్రతో చుట్టూ మట్టి వదులు చేశాడు. మోచెయ్యి దాకా గుంటలో పెట్టి కింది గడ్డ విరిచాడు. తలను, తీగను అట్లనే ఉంచి మట్టి కప్పి, కాలితో తొక్కాడు. “మళ్ల ఊరుతది బిడ్డా” అన్నాడు. కరువు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో పది సంచికల్లో రాసే మేధావికి ఆ కాలి తొక్కుడు తెలుసా?

కొండచరియకు తాడు కట్టుకుని తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిది అంటారు. చెల్లెలి పసుపుకుంకుమలు ఆ చేతుల్లో ఉంటాయి గనక. నాయకత్వమంటే నాకు అదే. ఇంకోటి ఉంది. పెంట పెద్దమనిషి మాట నచ్చకపోతే ఒక కుటుంబం మూటాముల్లే సర్దుకుని చుట్టాల పెంటకు పోయేది, ఆపేవాడు లేడు. హైమెన్‌డార్ఫ్ చూసింది ఇదే. ఆడవాళ్ల మాటకు మగవాళ్లతో సమంగా విలువుండటమూ చూశాడు. రాజు, సైన్యం, కోట లేకుండా కూలిన లోకాన్ని ఊహించలేని మన కథకుడికి ఇది పాఠం కాదా?

చెంచులకు మంత్రశక్తులు అంటగట్టమని కాదు నేననేది. రేషను బియ్యం మీద పెరిగిన పిల్లకు గడ్డల పేర్లు ఊరికే రావు. అవ్వ వెంట అడవిలో నడిస్తేనే వస్తాయి. ఆ నడకకు అడవి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో ఇలాంటి తెగలకు ఆవాస హక్కు రాసి ఉంది. మరోపక్క పులుల ప్రాజెక్టు కోర్ ఏరియా ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలంటూ లెక్క చెప్తున్నారు. సార్లపల్లి, కుడిచింతలబైలు పేర్లు ఆ తరలింపు మాటల్లో వినబడుతున్నాయి. పదిహేను లక్షలతో ప్లాటు కొనొచ్చు. ఏ తీగ కింద ఏ గడ్డ ఉందో చెప్పే అవ్వను ఎక్కడ కొంటారు?

కథకులారా, రాస్తే ఆ అవ్వను మధ్యలో నిలబెట్టి రాయండి. ఆమె ముందు నడవాలి, పట్నం నుంచి పారిపోయి వచ్చినవాడు వెనక నడవాలి. ఏది తినాలో, ఏ చెలిమె తాకకూడదో ఆమె చెప్పాలి. అంతకన్నా ముందు చెంచు పిల్లలే రాసుకునేలా వాళ్ల కథలకు మీ పత్రికల్లో జాగా ఇవ్వండి. ఆలస్యం చెయ్యొద్దు. అప్పాపూర్‌లో, మల్లాపూర్‌లో ముసలోళ్లు ఇప్పుడు పెంటల్లోనే ఉన్నారు.