ఉర్దూ బడి లెక్క మనమే అడగాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలల ప్రస్తావన రాగానే, ఫలితాలు బాగోలేవన్న మాటే ముందుగా వినిపిస్తుంది. కారణం మాత్రం ఎవరూ చెప్పరు.

ఉర్దూ మాధ్యమంలో రిజర్వుడు వర్గాలకు కేటాయించిన ఉపాధ్యాయ పోస్టులు అర్హులైన అభ్యర్థులు లేక మిగిలిపోతున్నాయి. ఉపాధ్యాయుడు లేని బడికి పిల్లలు రారు. సమగ్ర శిక్షా గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టే వస్తుంది గనుక నిధులూ తగ్గుతాయి. చివరకు నింద తల్లిదండ్రులపై పడుతుంది.

2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాలు హర్షణీయమే. కానీ వాటిలో ప్రవేశం ఐదో తరగతి నుండి. అంతవరకు అక్షరం నేర్పవలసినది ఊరి బడియే.

అరవైమంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం. దళిత, గిరిజన సోదరుల వాటా తగ్గకుండా, వారి పోస్టులను తెలుగు మాధ్యమంలో సర్దుబాటు చేసి, ఉర్దూ ఖాళీలను భర్తీ చేయాలి.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. గ్రాంట్లకు ఆధారమైన అభివృద్ధి ప్రణాళికను రూపొందించేదీ ఆ కమిటీయే. తల్లులారా, తండ్రులారా! సమావేశానికి వెళ్ళండి. ఖాళీల లెక్క అడగండి. తీర్మానం వ్రాయించి సంతకం చేయండి.