చెన్నారెడ్డి లెక్క మన వాడ ఎట్ల చూడాలె?

జనవరి 13 వస్తే దండలు, డిసెంబరు 2 వస్తే దండలు. ఒకటి మర్రి చెన్నారెడ్డి పుట్టిన రోజు, ఇంకోటి ఆయన చనిపోయిన రోజు. ఆ రెండు దినాలు వికారాబాదుల గానీ తాండూరుల గానీ చాయ్ హోటల్ కాడ కూసుంటే ఒకటే పంచాయితీ. "పులి అసొంటోడు, మన జిల్లా బిడ్డ, ఢిల్లీని గడగడలాడించిండు" అని ఒకాయన అంటడు. "1969ల పిల్లల నెత్తురు అమ్ముకొని కుర్చీ కొనుక్కున్నడు" అని పక్కాయన అంటడు. చాయ్ చల్లగైతది గానీ పంచాయితీ తెగదు. యాభై ఏండ్లు దాటింది, ఇంకా తెగలేదు.

నేను ఈ పంచాయితీల తలదూర్చాలనుకోలేదు. దూర్చేటట్టు చేసింది మా బడిల చదివే ఒక పిల్ల. మన జిల్లా ప్రముఖుల మీద వ్యాసం రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లలంతా చెన్నారెడ్డి మీదనే రాసిన్రు, ఒకరిది చూసి ఒకరు. మాదిగవాడ నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం సగం పేజీ రాసి ఆపింది. కింద ఇట్ల రాసింది: "సార్, ఆయన మా వాడకు ఏం చేసిండు? మా తాతను అడిగితే తెల్వదన్నడు." ఎన్ని మార్కులు వేయాలో నాకు తోచలేదు. పిల్ల అడిగిన దానికి జవాబు చెప్పకుండ మార్కులు వేసే హక్కు పంతులుకు లేదు. అందుకే ఇది రాస్తున్న.

ముందు జరిగినవి జరిగినట్టు

మెచ్చుకునేటోళ్ళు సగం చెప్తరు, తిట్టేటోళ్ళు ఇంకో సగం చెప్తరు. రెండు సగాలు కలిపి చూద్దాం.

చెన్నారెడ్డి 1919ల మర్పల్లి దిక్కు పుట్టిండు. డాక్టరు చదువు చదివిండు. 1952 ఎన్నికల్ల వికారాబాదు నుంచి గెలిచి, హైదరాబాదు రాష్ట్రంల బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంల మంత్రి అయిండు. అప్పటికి ఆయనకు 33 ఏండ్లు. 1967ల తాండూరు నుంచి శాసనసభకు గెలిచిండు, ఆ ఏడే కేంద్రంల ఉక్కు, గనుల మంత్రి అయిండు. ఆ తాండూరు ఎన్నిక మీద వందేమాతరం రామచంద్రరావు కోర్టుకు పోయిండు. ఎన్నికల అక్రమాలు జరిగినయని హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. 1968 డిసెంబరుల సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఆరేండ్ల దాకా పోటీకి అర్హత పోయింది. మంత్రి పదవీ పోయింది.

గదే సమయంల తెలంగాణ అంటుకుంది. 1956 పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదని, మన కొలువులు, మన మిగులు నిధులు పోతున్నయని విద్యార్థులు లేచిన్రు. 1969 జనవరిల మనకు దగ్గరున్న సదాశివపేటలనే పోలీసు తూటాకు పిల్లగాడు బలైండు. పోరాటం ముందు పుట్టింది, చెన్నారెడ్డి తర్వాత వచ్చిండు. వచ్చి తెలంగాణ ప్రజా సమితికి అధ్యక్షుడైండు. పీడీ చట్టం కింద జైలుకు కూడా పోయిండు. అది కాదనలేం. ఆ పోరాటంల 369 మంది ప్రాణాలిచ్చిన్రని ఉద్యమకారులు చెప్తరు.

1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్ల తెలంగాణల 14 సీట్లుంటే ప్రజా సమితికి 10 సీట్లు వచ్చినయి. జనం ఇంతకన్న గట్టిగ ఏం చెప్తరు? ఆ ఏడే, సెప్టెంబరుల, ప్రజా సమితిని కాంగ్రెసుల కలిపేసిన్రు. బ్రహ్మానందరెడ్డి దిగిండు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయిండు. రాష్ట్రం మాత్రం రాలేదు. చెన్నారెడ్డి 1974ల ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1978ల ముఖ్యమంత్రి, 1989ల మళ్ళ ముఖ్యమంత్రి. 1996ల తమిళనాడు గవర్నరుగ ఉండంగనే చనిపోయిండు.

"ఇందిరమ్మ ఒప్పుకోకపోతె ఆయన ఏం చేస్తడు?" అని మెచ్చుకునేటోళ్ళ మాట. "పది సీట్లు చేతిల పెట్టుకొని ఎందుకు తలవంచిండు?" అని తిట్టేటోళ్ళ మాట. రెండిట్ల కొంత కొంత నిజముంది.

మా నాయిన చెప్పిన ముచ్చట

మా నాయిన చదువుకోలేదు. చిన్నప్పటి నుంచి పటేలు ఇంట్ల జీతమున్నడు, తర్వాత నాపరాయి గనుల రాళ్ళు కొట్టిండు. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. 1969ల ఆయనకు పందొమ్మిదేండ్లు. ఊర్ల పిల్లగాండ్లతో పాటు తాండూరు దాకా నడిచి పోయి "జై తెలంగాణ" అన్నడట. ఆ పొద్దు పటేలు పనికి రాలేదని ఆయనకు కూలి గింజలు కోసిన్రట.

నేను కాలేజీల ఉన్నప్పుడు ఒకసారి అడిగిన: "నాయినా, పార్టీని కాంగ్రెసుల కలిపినప్పుడు మీకు కోపం రాలేదా?"

ఆయన నవ్విండు. "మాకెవడు చెప్పిండు బిడ్డా? ఓటు ఎవరికెయ్యాల్నో పటేలే చెప్పె. కొన్ని నెలలకు 'ఇగ అంతా ఒకటే అయినమురా, కాంగ్రెసే' అని పటేలే చెప్పె. మేము కొట్టంల పేడ తీస్తుంటిమి."

ఇన్నేండ్లు గడిచినా నాకు ఆ మాట చెవుల మోగుతనే ఉంది. ఉద్యమం మొదలైందని చెప్పింది ఆయనే, ఉద్యమం అయిపోయిందని చెప్పింది ఆయనే. నడిచిన కాళ్ళు మావి. మొదలు పెట్టేటప్పుడు గానీ, ఆపేటప్పుడు గానీ ఆ కాళ్ళను ఎవరూ అడగలేదు.

నా దృష్టిల 1971 తప్పు ఇదే. చెన్నారెడ్డి ఒక్కని గుణం మంచిదా చెడ్డదా అని కొట్లాడితే ఈ తప్పు కనబడదు. పది సీట్ల ఉద్యమానికి తాళం చెవి ఒక్క జేబుల పడ్డది. ఆ జేబు ఎటు పోతే ఉద్యమం అటు పోయింది. ఊరూరికి పోయి, వాడవాడకు పోయి "కలుపుదామా వద్దా" అని అడిగే ఏర్పాటు ఆ పార్టీల లేదు. ఎందుకు లేదు? ఊర్లల్ల ఆ పార్టీ నిలబడ్డదే పటేండ్ల, పట్వారీల, దొరల భుజాల మీద. వాళ్ళు అడిగి చేసే అలవాటు ఉన్నోళ్ళు కాదు, చెప్పి చేయించే అలవాటు ఉన్నోళ్ళు.

మనం వేసే లెక్క వేరు

చాయ్ హోటల్ పంచాయితీ తెలంగాణ ఇచ్చిండా, ఇయ్యలేదా అన్న లెక్క. ఆ లెక్క అవసరమే. కని అది ఎక్కువ వరకు కుర్చీల లెక్క. మన వాడ లెక్కల నాలుగు పద్దులుంటయి: భూమి, కూలి, చదువు, మానం.

భూమి పద్దు చూడండి. సీలింగు చట్టం 1973ల వచ్చింది. పేదలకిచ్చిన అసైన్డు భూములు అమ్మొద్దు, కొనొద్దు, లాక్కుంటే తిరిగి ఇప్పియ్యాలె అనే చట్టం 1977ల వచ్చింది. 1978ల చెన్నారెడ్డి ముఖ్యమంత్రి కుర్చీల కూసునే నాటికి రెండు చట్టాలూ చేతిల ఉన్నయి. వెట్టి రద్దు చట్టం 1976 నుంచే ఉంది. ఇవి ఎవరి హయాంల మీ ఊరికి ఎంత చేరినయో తహసీలు కాగితాలు చెప్తయి. "పులి" అనేటోణ్ణి, "ద్రోహి" అనేటోణ్ణి ఇద్దర్నీ ఆ కాగితం తెచ్చి మాట్లాడమనండి.

ఆయన కుర్చీ ఎక్కిన 1978లనే హైదరాబాదు జిల్లా పల్లె భాగాన్ని విడదీసి కొత్త జిల్లా చేసిన్రు. దానికి కొండా వెంకట రంగారెడ్డి పేరొచ్చింది. ఆయన చెన్నారెడ్డికి మేనమామ. వికారాబాదు, తాండూరు 2016 దాకా ఆ జిల్లాలనే ఉన్నయి. పెద్దింటోళ్ళ పేర్లు జిల్లాలకు ఎక్కుతయి. మన తాతల పేర్లు పహాణీల అనుభవదారు గడిల కూడా ఎక్కలేదు.

మానం పద్దు. 1978 మార్చిల హైదరాబాదు నల్లకుంట పోలీసు ఠాణాల రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేసిన్రు, ఆమె మొగున్ని కొట్టి చంపిన్రు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టిన్రు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా చివరికి కోర్టుల వాళ్ళు విడుదలైన్రు. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి. ఇది కూడా ఆయన పద్దులనే రాయాలె.

జమ దిక్కు రాయాల్సింది కూడా దాచొద్దు. 1989 చివర్ల రెండోసారి వచ్చినంక కొన్ని నెలలు నిర్బంధం సడలించిండు. 1990ల ఊర్లల్ల సభలు, పాటలు బహిరంగంగ నడిచినయి. అణిగి ఉన్న కూలోళ్ళు గొంతు విప్పిన్రు. అది నిజం. తర్వాత మళ్ళ ఉక్కుపాదమే వచ్చింది, అదీ నిజం. ఆ ఏడు డిసెంబరుల హైదరాబాదుల మతం పేరు మీద వంద మందికి పైగా చచ్చిన్రు. ఆ పార్టీల కుర్చీ కొట్లాటనే దాని వెనుక ఉందని అప్పట్ల చాలా మంది అన్నరు. చెన్నారెడ్డి కుర్చీ పోయింది, ఇంకో రెడ్డి ఆ కుర్చీల కూసున్నడు. చచ్చింది బస్తీల పేదలు.

వ్యాసంల రాని పేర్లు

మా పిల్లలు రాసిన వ్యాసాల్ల ఇంకో సంగతి చూసిన. 1969 అంటే ఒక్క పేరే. అదే పోరాటంల జె. ఈశ్వరీబాయి ఉంది. రిపబ్లికన్ పార్టీ నాయకురాలు, 1967, 1972 ఎన్నికల్ల ఎల్లారెడ్డి నుంచి గెలిచిన మన తల్లి. టి.ఎన్. సదాలక్ష్మి ఉంది. సంజీవయ్య మంత్రివర్గంల దేవాదాయ మంత్రిగ చేసిన దళిత బిడ్డ. ముట్టుకోవద్దన్న గుడులకే మంత్రి! 1969ల రోడ్డెక్కి కొట్లాడింది, ముసలితనంల దండోరాకు అండగ నిలబడ్డది. ఆమె బతుకు కథ "నేనే బలాన్ని" పుస్తకం రాసింది మన తాండూరు దిక్కు పెద్దేముల్ బిడ్డ గోగు శ్యామల. ఈ సంగతి మన బళ్ళల్ల ఎంత మందికి తెలుసు?

వికారాబాదు నుంచే 1950ల్ల శాసనసభకు పోయిన అరిగె రామస్వామి పేరు విన్నరా? జోగిని దురాచారం మీద, కల్లు మీద, జంతుబలి మీద పోరాడిన ఆదిహిందూ నాయకుడు. చెన్నారెడ్డిని తలుసుకునే వికారాబాదుకు రామస్వామి యాదికి రాడు. ఇద్దర్నీ పంపింది ఇదే నేల.

హైదరాబాదుల ఇందిరాపార్కుల చెన్నారెడ్డి స్మారకం ఉంది. అధికారులకు శిక్షణ ఇచ్చే పెద్ద సంస్థకు ఆయన పేరే ఉంది. ఉండనియ్యండి. పేరు తీసేయమని నేను అనను. పేరు తీస్తే భూమి రాదు. మన పేర్లు ఎందుకు లేవని మాత్రం అడుగుత. ఇందిరాపార్కు ధర్నాచౌకుల మనం ఎన్నిసార్లు కూసున్నం! గోడకు ఇవతల ఎండల మనం, అవతల చెట్ల కింద ఆయన.

మనకు కూడా తగిలే పాఠం

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్పాలె. పెద్దకులపోళ్ళ నాయకత్వాన్ని తిట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. 2001 తర్వాత మళ్ళ ఉద్యమం వచ్చింది. తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్నరు, మూడెకరాలన్నరు. మనం డప్పు కొట్టి ముందు నడిచినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ముఖ్యమంత్రి దళితుడు కాలేదు. ఉమ్మడి రాష్ట్రంల గానీ, విడిపోయినంక గానీ, దళిత ముఖ్యమంత్రి అంటే 1960 నుంచి 1962 దాకా చేసిన దామోదరం సంజీవయ్య ఒక్కడే. మాట ఇచ్చినోళ్ళ తప్పు ఎంత ఉందో, కాగితం మీద రాయించుకోకుండ నమ్మిన మన తప్పు కూడా కొంత ఉంది.

మన సంఘాలల్ల ఏం జరుగుతుంది? జిల్లా నాయకుడు పొద్దున ఒక పార్టీ కండువా, మాపటికి ఇంకో కండువా కప్పుకుంటడు. వాడకు తెలిసేది పేపర్ల ఫొటో చూసినంక. ఆనాడు మా నాయినకు పటేలు చెప్పిండు, ఈనాడు మనకు పేపరు చెప్తుంది. తేడా ఏముంది? ఆయనను ద్రోహి అనే నోరు ముందు తన సంఘం రిజిస్టరు తెరిచి, పోయిన నిర్ణయం ఎవరెవరు కూసొని చేసిన్రో చూపెట్టాలె.

అందుకే సంఘం తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు నా మాట మూడు ముక్కల్ల. ఒకటి, పొత్తులైనా విలీనాలైనా వాడల కూసొని, ఆడోళ్ళతో సహా చేతులెత్తి, రాసుకొని చెయ్యాలె. రెండు, మీ ఊర్ల సీలింగు భూమి, అసైన్డు భూమి ఎంత, ఎవరి పేరున, ఎవరి చేతిల ఉందో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలె. మూడు, 1969ల మీ వాడ నుంచి నడిచినోళ్ళల్ల ఇంకా బతికున్న ముసలోళ్ళ కాడ కూసొని వాళ్ళ మాటలు రాసి పెట్టాలె. వాళ్ళు పోతే ఆ చరిత్ర కూడా వాళ్ళతోనే పోతది.

ఆ పిల్లకు నేను పదికి పది మార్కులు వేసిన. కింద ఇట్ల రాసిన: "అమ్మా, మీ తాతను ఇంకో ప్రశ్న అడుగు. నువ్వు ఆనాడు ఏం చేసినవు తాతా, నీకు ఎవరు ఏం చెప్పిన్రు అని అడుగు. ఆయన చెప్పింది రాసుకొని రా." వారం దినాలకు నాలుగు పేజీలు తెచ్చింది. ఆ నాలుగు పేజీల్ల చెన్నారెడ్డి పేరు రెండుసార్లే ఉంది. మిగిలిందంతా వాళ్ళ వాడ కథ.

జై భీం.