పలక మీద ఏ బలపమైనా

మార్కాపురం పలక మీద ఏ బలపంతోనైనా వ్రాయవచ్చు. కంప్యూటరు ఫైలుకు ఆ స్వేచ్ఛ ఎల్లప్పుడూ ఉండదు. ఒక సాఫ్టువేరులో కూర్చిన పట్టిక మరొకదానిలో చెదరిపోవచ్చు.

గిద్దలూరులో కంప్యూటరు కొనే విద్యార్థికి మైక్రోసాఫ్ట్ ఆఫీసు కావాలా, లిబ్రెఆఫీసు చాలునా? మొదటిదానికి మూల్యం చెల్లించాలి. 2010లో ఆరంభమైన రెండవది ఉచితం. దరఖాస్తుకు, మార్కుల పట్టికకు, ప్రాజెక్టు నివేదికకు అది నిస్సంశయంగా చాలు. క్లిష్టమైన లెక్కల పట్టికలతో పనిచేసే కార్యాలయాలలో మొదటిదే సుకరం కనుక ఉద్యోగార్థులు దానినీ నేర్వక తప్పదు. అయితే ఊరికే దొరికిందని దొంగ ప్రతిని వేసుకోవడం చౌర్యమే.

నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. మనం వ్రాసినదాన్ని పదేళ్ల తరువాత ఎవరు తెరవగలరు? లిబ్రెఆఫీసు వాడే ఓడీఎఫ్ రూపం 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ రూపానికి ఆ గుర్తింపు 2008లో లభించింది. తెలుగుకు ఇంతకంటె పెద్ద చిక్కు అక్షరాలది. డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లలో కూర్చిన వ్యాసం, ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. తాళపత్రాన్ని చదవడానికి లిపి తెలిస్తే చాలు. నిన్నటి వ్యాసానికి ఫాంటును వెదకవలసి రావడం వింత కాదా! యూనికోడులో తెలుగుకు 1991 నుండి స్థానమున్నది. ఏ ఆఫీసును ఎంచుకున్నా తెలుగును అందులోనే వ్రాయండి. ఇతరులు దిద్దనక్కరలేని ప్రతిని పీడీఎఫ్‌గా పంపండి.