తొమ్మిదేళ్ల వెనుకబాటుకు మూణ్నెల్ల మందు

* పదో తరగతి ప్రత్యేక తరగతులతో ఒడ్డున పడేది ఎవరు?
* మూడేళ్లు వరుసగా అట్టడుగున నిలిచిన జిల్లాలో అంతరం తగ్గినా ఆందోళన తగ్గలేదు

వికారాబాద్: సంక్రాంతి సెలవులు ముగిశాయంటే ఉన్నత పాఠశాలల దినచర్య మారిపోతుంది. ప్రార్థన గంట మోగక ముందే పదో తరగతి గదులు తెరుచుకుంటాయి. సాయంత్రం మిగిలిన పిల్లలంతా ఇళ్లకు చేరుకున్నాక కూడా ఆ గదుల్లో బోధన సాగుతూనే ఉంటుంది. వెనుకబడిన వారి జాబితాలు తయారవుతాయి. ఒక్కో ఉపాధ్యాయునికి కొందరు విద్యార్థుల్ని దత్తత ఇస్తారు. సమీక్షా సమావేశాల్లో 'నూరు శాతం' లక్ష్యం మార్మోగుతుంది. ఏటా సాగే ఈ ప్రత్యేక తరగతుల వెనుక ఉపాధ్యాయుల శ్రమ ఉంది, అధికారుల ఒత్తిడి ఉంది, తల్లిదండ్రుల ఆశ ఉంది. అయితే వీటితో ఎవరు ఒడ్డున పడుతున్నారు, ఎవరు మిగిలిపోతున్నారు అన్న లెక్క మాత్రం లోతుగా తీసిన దాఖలాలు తక్కువ.

అట్టడుగునే... అయినా కదలిక

పదో తరగతి ఫలితాల్లో వికారాబాద్ జిల్లా 2023, 2024, 2025 సంవత్సరాల్లో వరుసగా రాష్ట్రంలో చివరి స్థానంలో నిలిచింది. ఫలితాలు వెలువడిన ప్రతిసారీ 'మళ్లీ అట్టడుగే' అన్న మాట వినిపించింది. అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మరో సంగతీ బయటపడుతుంది. 2023లో రాష్ట్ర ఉత్తీర్ణత 86.60 శాతం కాగా జిల్లాలో 59.46 శాతం. 2024లో రాష్ట్రం 91.31, జిల్లా 65.10. 2025లో రాష్ట్రం 92.78, జిల్లా 73.97. అంటే రాష్ట్ర సగటుకు, జిల్లాకు నడుమ 27.14గా ఉన్న అంతరం 26.21కి, అక్కడి నుంచి 18.81కి తగ్గింది. రెండేళ్లలో జిల్లా ఉత్తీర్ణత పద్నాలుగు శాతానికి పైగా పెరిగింది. స్థానం మారకపోయినా దూరం తగ్గిందన్నది వాస్తవం.

ఈ పెరుగుదలలో ప్రత్యేక తరగతుల పాత్రను కాదనలేం. అలాగని సంబరపడేందుకూ వీల్లేదు. 2025లోనూ పరీక్ష రాసిన ప్రతి వంద మందిలో 26 మంది తప్పారు. ఆ ఏడాది ప్రథమ స్థానంలో నిలిచిన మహబూబాబాద్ జిల్లాలో తప్పిన వారు వందకు ఒక్కరు కూడా లేరు. అక్కడి ఉత్తీర్ణత 99.29 శాతం. మహబూబాబాద్ కూడా తండాలు, గిరిజన గూడేలు అధికంగా ఉన్న జిల్లాయే. కనుక పేదరికం, మారుమూల ప్రాంతం అనే రెండు మాటలతో వెనుకబాటును సమర్థించుకోవడం కుదరదు.

ఆరో తరగతి చూడని జట్టు

పరీక్ష ముంగిట నిలిచిన విద్యార్థి ఏ దారిన అక్కడికి చేరాడో గుర్తు చేసుకోవాలి. 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాసిన పిల్లలు 2020 మార్చిలో ఐదో తరగతిలో ఉన్నారు. కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. వారి ఆరో తరగతి దాదాపుగా టీవీ పాఠాలతోనే గడిచిపోయింది. 2021 ఫిబ్రవరి చివరలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బడులు తెరిచినా మార్చి 24 నుంచి తిరిగి మూసివేశారు. సెప్టెంబరు 1న మళ్లీ తలుపులు తెరుచుకునే నాటికి వారు ఏడో తరగతికి వచ్చేశారు. ఇంట్లో టీవీ, ఫోను లేని పిల్లలకు ఆరో తరగతి అన్నదే లేదు.

ఎనిమిదో తరగతికి రాగానే మరో మలుపు ఎదురైంది. 2022-23లో ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లంతో పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఆంగ్ల మాధ్యమం తల్లిదండ్రులు కోరుకున్నదే. కానీ తెలుగులోనే వాక్యం తడుముకుంటున్న విద్యార్థికి భౌతిక శాస్త్రం ఆంగ్లంలో ఎదురుకావడం రెట్టింపు భారమైంది. కర్ణాటకను ఆనుకొని ఉన్న బషీరాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఇంటి భాష కన్నడమో, ఉర్దూనో అయిన పిల్లలున్నారు. తండాల్లో ఇంటి భాష లంబాడీ. వారికి బడిలోని తెలుగే రెండో భాష, ఆంగ్లం మూడోది.

ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని అదే తరగతిలో ఆపరాదన్నది 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఉద్దేశం. పిల్లవాణ్ని ఆపకుండా ముందుకు పంపడంతో పాటు వెనుకబాటును ఎప్పటికప్పుడు సరిదిద్దాలన్నదీ ఆ చట్టం స్ఫూర్తే. మొదటి సగం అమలైంది. రెండో సగం పదో తరగతి చివరి మూడు నెలలకు వాయిదా పడింది.

వంద గంటల లెక్క

ప్రత్యేక తరగతులకు నిజంగా దక్కే సమయమెంత? జనవరి మొదటి నుంచి మార్చి నడుమ వరకు 75 రోజులు. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, రెండో శనివారాలు, ప్రీఫైనల్ పరీక్షల రోజులు తీసివేస్తే మిగిలేవి యాభైకి అటూ ఇటూ. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట చొప్పున లెక్కిస్తే వంద గంటలు. ఆరు సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి పదహారు, పదిహేడు గంటలు. అదీ ఒక్క రోజు కూడా తప్పకుండా హాజరైన విద్యార్థికి. గుణకారం, భాగహారం పట్టుబడని పిల్లవానికి ఈ గంటల్లో బహుపదులు, త్రికోణమితి నేర్పడం ఏ ఉపాధ్యాయునికైనా అసాధ్యం.

అందుకే ఉపాధ్యాయులు దగ్గరి దారి వెతుకుతున్నారు. ఎనభై మార్కుల రాత పరీక్షలో 28 తెచ్చుకుంటే గట్టెక్కవచ్చు. తరచూ వచ్చే ప్రశ్నలు, పటాలు, నిర్వచనాలు, రేఖాచిత్రాలు ఏరి కంఠస్థం చేయిస్తున్నారు. విద్యాశాఖ పంపిణీ చేసే 'అభ్యాస దీపిక'లూ ఇందుకు ఆధారమవుతున్నాయి. ఇది తప్పని ఉపాధ్యాయుల్ని నిందించడం సులభం. కానీ పరీక్ష తప్పిన బాలిక చదువు అంతటితో ఆగి పెళ్లి మాట మొదలయ్యే ఇళ్లలో, ఆ 28 మార్కుల విలువ వేరు. గట్టెక్కించడం కూడా ఒక మేలే. అయితే గట్టెక్కిన వాడు ఇంటర్‌లో తొలి ఏడాదే చతికిలబడితే ఆ మేలు ఏడాదికి మించి నిలవదు.

మూడు రకాల పిల్లలు... ఒకే పాఠం

తరగతి గదిలో కూర్చున్న వారంతా ఒకే స్థాయిలో ఉండరు. కొద్ది సాయంతో ఉత్తీర్ణులయ్యే మధ్యస్థులు ఒక వర్గం. ప్రత్యేక తరగతుల వల్ల నేరుగా లబ్ధి పొందుతున్నది వీరే. చదవడం, కూడిక తీసివేతలే సరిగా రానివారు రెండో వర్గం. పునశ్చరణ వీరికి పనికిరాదు. పునశ్చరణ అంటే ఒకసారి నేర్చినదాన్ని మళ్లీ చూసుకోవడం. నేర్వని దానికి పునశ్చరణ ఎక్కడిది?

మూడో వర్గం చురుకైన విద్యార్థులది. వీరి గురించి మాట్లాడేవారే అరుదు. పాఠ్యాంశం డిసెంబరుకే ముగించుకొని, అవే ప్రశ్నలను నాలుగోసారి రాస్తూ వీరు కాలం వెళ్లబుచ్చుతున్నారు. వీరికీ చివరి మూడు నెలలు కీలకమే. బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశానికి పదో తరగతి ప్రతిభే ఆధారం. పాలిటెక్నిక్ కోర్సులకు పాలిసెట్ రాయాలి. అందులో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల ప్రశ్నలుంటాయి. పట్టణాల్లోని పిల్లలకు శిక్షణ కేంద్రాలు అందుబాటులో ఉంటాయి. కుల్కచర్ల, దోమ, బొంరాస్‌పేట వంటి మండలాల్లోని పేదింటి ప్రతిభావంతునికి బడే దిక్కు. ఆ బడిలో అతనికంటూ ప్రత్యేకమైన గంట లేదు. 'ఎలాగూ పాసవుతాడు' అన్న ధీమాతో వదిలేస్తే ఎదగాల్సిన చోట ఎదగకుండా మిగిలిపోతాడు.

చివరి బస్సు... కంది కోత

కాగితంపై వేసిన ప్రణాళికకు ఊరి కాలం అడ్డు వస్తుంది. పత్తి ఏరివేత శీతాకాలమంతా సాగుతుంది. తాండూరు కంది పేరుమోసిన పంట. 2022లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఆ కంది కోతలు, నూర్పిళ్లు పరీక్షల ముందు నెలల్లోనే వస్తాయి. కూలి దొరకని చిన్న రైతుకు ఇంట్లోని పదో తరగతి పిల్లవాడే కూలి. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు ఉన్న చోట సెలవు రోజు సంపాదన ఆశ చూపుతుంది. కొడంగల్ ప్రాంత తండాల నుంచి తల్లిదండ్రులు పుణె, ముంబయి వైపు వలస వెళ్తే పిల్లలు అవ్వాతాతల వద్ద మిగులుతారు. ఉదయం నిద్రలేపి బడికి పంపేవారుండరు.

రవాణాది మరో చిక్కు. ఉన్నత పాఠశాల ఉన్న ఊరికి చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచో, ఆటోలోనో, బస్సులోనో రావాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో బాలికలకు ప్రయాణం ఉచితమైంది. కానీ ఉచిత ప్రయాణానికి బస్సు ఉండాలి కదా. సాయంత్రం తరగతి ముగిసే వేళకు బస్సు లేని ఊళ్ల పిల్లలు, ముఖ్యంగా బాలికలు, పాఠం మధ్యలోనే లేచి వెళ్లాల్సి వస్తుంది. చీకటి పడ్డాక పంపేందుకు తల్లిదండ్రులు సమ్మతించరు. ఉపాధ్యాయుల్లో హైదరాబాద్ నుంచి రోజూ రాకపోకలు సాగించేవారు ఉన్నారన్న ఫిర్యాదు పాతదే. ఉదయపు తరగతి అలాంటి చోట్ల రైలు వేళను బట్టి నడుస్తుంది.

ఆకలి సంగతి సరేసరి. మధ్యాహ్న భోజనం తర్వాత సాయంత్రం ఆరింటి దాకా ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లవాని చెవికి పాఠం ఎక్కదు. ఈ సంగతి గుర్తించి 2025లో ఫిబ్రవరి 1 నుంచి మార్చి 20 వరకు 38 రోజుల పాటు ప్రభుత్వం అల్పాహారం మంజూరు చేసింది. ఒక్కో విద్యార్థికి రోజుకు రూ.15 చొప్పున కేటాయించి, ఉడికించిన పెసలు, శనగలు, పల్లీ బెల్లం వంటివి ఇవ్వాలని నిర్ణయించింది. మంచి పని. తరగతులు డిసెంబరులోనో జనవరిలోనో మొదలైతే అల్పాహారం ఫిబ్రవరిలో మొదలు కావడమే లోపం.

తొమ్మిదో తరగతి మూల్యం

ఉపాధ్యాయుల సమయమంతా పదో తరగతికే మళ్లితే దాని మూల్యం ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు చెల్లిస్తారు. ఈ ఏడాది తొమ్మిదిలో నిర్లక్ష్యానికి గురైన విద్యార్థే వచ్చే ఏడాది వెనుకబడిన వారి జాబితాకు ఎక్కుతాడు. అంటే ప్రత్యేక తరగతుల అవసరాన్ని ప్రత్యేక తరగతులే పెంచుతున్నాయి.

ఉపాధ్యాయుల కొరతా ఇందుకు తోడైంది. 2017 ప్రకటన తర్వాత మళ్లీ 2024లోనే డీఎస్సీ జరిగింది. 11,062 పోస్టులకు ప్రకటన వెలువడగా, అక్టోబరులో పది వేల మందికి పైగా నియామక పత్రాలు అందుకున్నారు. ఈ నడుమ కరోనా తర్వాత విద్యా వాలంటీర్ల వ్యవస్థా నిలిచిపోయింది. గణితమో, భౌతికశాస్త్రమో బోధించేవారు లేకుండానే తరగతులు దాటిన పిల్లలు పదిలో తేలారు.

కింది తరగతుల్లోనే లోటు పూడ్చేందుకు ప్రయత్నాలు జరగలేదని కాదు. ప్రాథమిక తరగతులకు 2022లో 'తొలిమెట్టు', ఆరు నుంచి తొమ్మిది తరగతులకు 2023లో 'ఉన్నతి' కార్యక్రమాలు చేపట్టారు. ఆలోచన సరైనదే. పదో తరగతి ఫలితానికి జరిగినంత సమీక్ష, అడిగినంత జవాబు ఈ కార్యక్రమాలకూ ఉన్నప్పుడే అవి ఫలిస్తాయి.

స్థాయికి తగిన బోధనే మార్గం

వెనుకబడిన వారికి ప్రత్యేక బోధన ఫలించదన్న వాదన నిలవదు. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ముంబయి, వడోదర నగరాల బడుల్లో ప్రథమ్ సంస్థ 'బాలసఖి' కార్యక్రమం నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లల్ని రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి, వారికి రాని చోటు నుంచే నేర్పారు. బడి వేళల్లోనే ఇది సాగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దీన్ని పరిశీలించి, పిల్లల అభ్యసన గణనీయంగా మెరుగుపడిందని తేల్చారు. వారిద్దరూ 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ అనుభవం చెప్పే పాఠం రెండు మాటల్లో ఇమిడిపోతుంది. బోధన తరగతిని బట్టి గాక స్థాయిని బట్టి ఉండాలి. అది చివరి నెలల్లో గాక తొలి ఏళ్లలో మొదలవాలి.

పొరుగు రాష్ట్రం నుంచీ గ్రహించాల్సింది ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన ప్రాంతమైన పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025లో వరుసగా ప్రథమ స్థానం సాధించింది. 2025లో అక్కడ ఉత్తీర్ణత 93.90 శాతం. అదే ఏడాది మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు 47.64 శాతంతో చివరన నిలిచింది. ఒకే రాష్ట్రం, ఒకే ప్రశ్నపత్రం, రెండూ మన్యమే. తేడా భూగోళంలో కన్నా నిర్వహణలో వెతకాల్సి ఉంటుంది.

చేయాల్సినవి

జిల్లా యంత్రాంగం చేతిలో ఉన్న పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఆరో తరగతిలో చేరిన నెలలోనే ప్రతి విద్యార్థి చదవడం, లెక్కలు పరీక్షించి, వెనుకబడిన వారికి బడి వేళల్లోనే రోజుకో గంట కేటాయించవచ్చు. ప్రత్యేక తరగతులు జరిగే నెలల్లో సాయంత్రం బస్సు వేళల్ని ఆర్టీసీ డిపోలతో మాట్లాడి సవరించుకోవచ్చు. తరగతులు మొదలైన రోజు నుంచే అల్పాహారం ఇవ్వవచ్చు. చురుకైన విద్యార్థుల్ని మండలానికో కేంద్రంలో వారానికి ఒక రోజు సమావేశపరచి, పాలిసెట్ తరహా సాధన చేయించవచ్చు. పరీక్ష తప్పిన వారికి జూన్‌లో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి మే నెలలో ఊరి బడిలోనే తరగతులు నడపవచ్చు. 2025లో ఏప్రిల్ 30న ఫలితాలు వచ్చాయి. జూన్ 3న సప్లిమెంటరీ మొదలైంది. ఆ నెల రోజులు విద్యార్థి పక్కన నిలిచేవారు ఉంటే ఏడాది నష్టపోకుండా గట్టెక్కుతాడు.

జిల్లా చివరి స్థానం నుంచి పైకి రావడం అవసరమే. అంతకన్నా అవసరమైనది, ఉత్తీర్ణుల జాబితాలో లేని ఆ 26 మంది ఏ తరగతిలో తడబడటం మొదలుపెట్టారో తెలుసుకోవడం. ఆ తడబాటును అక్కడే సరిదిద్దిన నాడు జనవరి హడావుడి దానంతట అదే తగ్గుతుంది.