స్టార్టవకపోతే కార్బ్యురేటర్ మార్చెయ్యడమేనా?

మనవాళ్ళకి ఒక జబ్బుంది. ఆఫీసులో అర్ధరాత్రి సర్వరు పడిపోతే మర్నాడు రూట్ కాజ్ అంటూ పది పేజీల రిపోర్టు రాస్తాం. "ఒకేసారి నాలుగు మార్పులు ఎవడు చెయ్యమన్నాడు నిన్ను?" అని జూనియర్ని కడిగేస్తాం. అదే మనిషి శనివారం పొద్దున గరాజ్‌లో ఇంజను స్టార్టవకపోతే ఏదీ కొలవడు, చూడడు. ఫోన్ తీసి కార్బ్యురేటర్ ఆర్డరిచ్చేస్తాడు. ఆ మనిషిని నేనే కాబట్టి కాస్త గట్టిగా తిట్టే హక్కు నాకుంది. మీరూ నాతోపాటే ఉన్నారు లెండి, తప్పించుకోకండి.

నా దగ్గర 1970ల నాటి గార్డెన్ ట్రాక్టరు ఒకటుంది. (ట్రాక్టరు కొన్నానంటే మా నాన్న "ఎన్నెకరాలు రా?" అనడిగారు. అర ఎకరం గడ్డి నాన్నా, అంతే.) దాని ఇంజను కోహ్లర్ కె301. ఒకటే సిలిండరు, 12 హార్స్ పవర్, పోత ఇనుప దిమ్మ. వేసవిలో గడ్డి కోస్తుంది, చలికాలం ముందు బ్లేడు తగిలిస్తే డ్రైవ్‌వేలో మంచు తోస్తుంది. ఉండేది మిషిగన్‌లో. మా ఆవిడది హాస్పిటల్ ఉద్యోగం, పొద్దున ఆరింటికల్లా కారు రోడ్డెక్కాలి. జనవరిలో ఒకరోజు సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్. అడుగు మంచు పడింది. తాళం తిప్పితే ట్రాక్టరు ముసలి గేదెలా మూలిగింది తప్ప అంటుకోలేదు. నాలుగున్నర నుంచి పార పట్టుకుని తోడాను. నడుం ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంది.

ఇక సలహాలు చూడాలి! ఒకాయన "కార్బ్యురేటర్ మార్చెయ్ గురూ, చవగ్గా దొరుకుతోంది" అన్నాడు. ఇంకొకడు "స్టార్టింగ్ ఫ్లూయిడ్ కొట్టు, ఝామ్మని లేస్తుంది". మూడోవాడు "ఎందుకొచ్చిన గోల, తుక్కుకి వేసి కొత్తది కొనుక్కో" అన్నాడు. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు అడగని ప్రశ్న ఒకటుంది: ఇంజను నెమ్మదిగా తిరుగుతోందా, లేక బాగానే తిరిగి అంటుకోవట్లేదా?

మొత్తం కథ ఈ ప్రశ్న దగ్గరే రెండు దార్లవుతుంది. నెమ్మదిగా తిరుగుతుంటే బ్యాటరీ, కేబుళ్ళు, నూనె చూడాలి. బాగా తిరుగుతూ అంటుకోకపోతే ప్లగ్ విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు, లేదా చోక్ పూర్తిగా మూసుకోవట్లేదు (పాతబడిన చోక్ తీగ జారుతుంది, పిడి పూర్తిగా లాగినా లోపల పలక సగమే మూస్తుంది, కంటితో చూస్తే గాని తెలీదు). తడిగా ఉంటే స్పార్క్ సంగతి చూడాలి. ఇంతే కదా, బైనరీ సెర్చ్! ఇంటర్వ్యూలో అడిగితే నిద్రలో కూడా చెప్తాం.

నేను చేసింది వినండి. మొదటి శనివారం కొత్త ప్లగ్, కండెన్సరు. రెండో శనివారం స్పార్క్ నీరసంగా ఉందని కాయిల్. మూడో శనివారం కొత్త బ్యాటరీ, దాంతోపాటే ఆ చవక కార్బ్యురేటర్. ఇంజను ఇంకా మూలుగుతూనే ఉంది. పైగా కొత్త కార్బ్యురేటర్ గాస్కెట్ దగ్గర గాలి పీల్చడం మొదలెట్టింది. బగ్ వెతకబోయి ఇంకో బగ్ పెట్టానన్నమాట.

నాలుగో శనివారం సిగ్గొచ్చి మల్టీమీటర్ తీశాను. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉన్నట్టే. మా ఆవిడ తాళం తిప్పుతుంటే బ్యాటరీ దగ్గర 10.6. అదీ బాగానే ఉంది. స్టార్టరు దగ్గర మాత్రం 8.1. రెండున్నర వోల్టులు దార్లో ఎవడు తిన్నాడు? మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొస ఇంజను దిమ్మ మీద పెట్టి మళ్ళీ తిప్పమన్నాను. 1.9 వోల్టులు! అర వోల్టు దాటితేనే అనుమానించాలి అక్కడ. నేల కేబుల్ పైకి శుభ్రంగానే ఉంది, లోపల రాగి మాత్రం పచ్చగా కుళ్ళిపోయింది.

ఇక్కడే అసలు తమాషా. ఆ కేబుల్‌ని నేను మొదటివారమే చూశాను. మీటరు బీప్ కొట్టింది, కాబట్టి పాస్! ఆ బీప్‌కి కావలసింది చిటికెడు కరెంటు. స్టార్టరు లాగేది నూరు ఆంపియర్ల పైమాటే. 150 ఆంపియర్లు పారుతుంటే ఓమ్‌లో నూరోవంతు నిరోధం చాలు, ఒకటిన్నర వోల్టు గల్లంతు. టెన్త్‌లో బట్టీ కొట్టిన ఓమ్ సూత్రమే. లోడ్ లేకుండా టెస్ట్ చేసి "నా మెషీన్లో పనిచేస్తోంది" అన్న డెవలపర్‌కీ నాకూ తేడా ఏముంది?

కాయిల్ సంగతీ అంతే. ఈ ఇంజనులో కాయిల్ బతికేది బ్యాటరీ మీదే, దాని నేల దారి కూడా ఇంజను దిమ్మే. 10.6లో 1.9 పోతే కాయిల్‌కి అందేది 8.7. స్పార్క్ నీరసించక ఏమవుతుంది? లక్షణాన్ని చూసి రోగమనుకుని డబ్బులు తగలేశాను.

మరి వేసవంతా ఎలా నడిచిందంటారా? వేసవిలో నూనె పల్చగా ఉంటుంది, స్టార్టరు తక్కువ కరెంటుతో తిప్పేస్తుంది, ఆ కుళ్ళిన కేబుల్ ఎలాగో నెట్టుకొస్తుంది. సున్నా దగ్గర నిండు బ్యాటరీ కూడా సగం బలం కూడా ఇవ్వదు, తిప్పడానికేమో ఇంకా ఎక్కువ కావాలి. పైగా ఈ ఇంజనుకి నూనె పంపు లేదు, కనెక్టింగ్ రాడ్ కింద చిన్న గరిటె ఒకటి నూనెని చిమ్ముతుంది, అంతే. అందుకే గడ్డకట్టే చలికి ఎస్‌ఏఈ 30 తీసేసి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటిది పొయ్యమంటుంది పాత మాన్యువల్. నేను పోశానా? లేదు.

పెట్రోలు కూడా నేరస్తుడే కొంత. అమెరికాలో వేసవి పెట్రోలు త్వరగా ఆవిరి కాకుండా తయారు చేస్తారు, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా బంకుల్లో దానికి ఫెడరల్ హద్దు ఉంది. చలికాలంలో అమ్మేది తేలిగ్గా ఆవిరవుతుంది. ఆగస్టులో నింపిన డబ్బా జనవరిలో పోసి "చోక్ పనిచెయ్యట్లేదు" అని ఏడిస్తే చోక్ ఏం చేస్తుంది పాపం.

ఇక స్ప్రే వీరుల సంగతి. ఒక్క చిన్న పిచికారీతో పెట్రోలు సమస్యా, స్పార్క్ సమస్యా అన్నది తేలుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. రోజూ పొద్దున్నే కాఫీలా తాగించేవాళ్ళతోనే నా గొడవ. ఈథర్ పెట్రోలు కన్నా చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది, సిలిండరు గోడ మీద నూనె పొరని కడిగేస్తుంది. నా మిత్రుడొకడు రెండు చలికాలాలు అలాగే నడిపి, ఇంజను చచ్చిందని బండిని తుక్కు యార్డులో వదిలొచ్చాడు. ఒక్కసారైనా కేబుల్ కొలిచావా అనడిగితే మాట మార్చాడు.

"మన టైముకి విలువ లేదా, కొత్తది కొంటే పోలా?" అనేవాళ్ళకి నా లెక్క చెప్తా. ఊహల మీద మూడు శనివారాలు, పార్టుల ఖర్చు వేరే. మీటరుతో ఇరవై నిమిషాలు. రుజువుకి జంపర్ కేబుల్‌లో నల్లది తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజను దిమ్మ మీద బోల్టుకి తగిలించాను. తాళం తిప్పగానే గిర్రున తిరిగి అంటుకుంది. కొత్త కేబుల్ పది డాలర్ల లోపే. కొత్త ట్రాక్టరుకీ నేల కేబుల్ ఉంటుంది మాష్టారూ, అదీ ఏదో ఒకరోజు కుళ్ళుతుంది.

పాత కార్బ్యురేటర్ కడిగి మళ్ళీ బిగించాను, శుభ్రంగా నడుస్తోంది. పాజిటివ్ వైపు ఇంకా 0.6 వోల్టులు ఎక్కడో పోతోంది. సోలనాయిడ్ మీద అనుమానముంది గానీ ఇంకా ఆర్డరివ్వలేదు. శనివారం మా ఆవిడ ఖాళీ చూసుకుని తాళం తిప్పాలి, నేను మీటరు పట్టుకోవాలి.