పేరు చూచి తలుపు మూయుట

ఉప్పల్, నాచారములలో అద్దెయిల్లు కావలసినవారు పూర్వము గల్లీగల్లీ తిరిగి టు-లెట్ బోర్డులు చూచుకొనెడివారు. నేడు పారిశ్రామికవాడ కార్మికుడును, ఉస్మానియా విద్యార్థియు ఫోనులోనే యిండ్లు వెదకుచున్నారు. సాధనము మారినది, కాని యిల్లు చూపకముందే పేరేమి, కులమేమి, ఏ దేశమువారని యడుగు దురాచారము మారలేదు.

ఇది యిండ్లకే పరిమితము కాదు. 2022లో ఈ నగరముననే యొకరు స్విగ్గీ ద్వారా భోజనము తెప్పించుకొనుచు, ముస్లిముచేత పంపవలదని సూచనల గడిలో వ్రాసిరి. కార్మికసంఘమువారు దానిని బయటపెట్టగా దేశమున కలకలము పుట్టినది. దోషము వ్రాసినవారిదే, కాని యా ద్వేషమును ఆజ్ఞవలె మోసికొనిపోయినది ఆ గడి.

కావున మనుజుల మనస్సులు మారువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. అంగడి యేర్పాటును మార్చవచ్చును. అమెరికాలో హార్వర్డు పరిశోధకులు ఎయిర్‌బీఎన్‌బీలో బస కోరుచు విజ్ఞప్తులు పంపి, పేరు దక్క తక్కినదంతయు సమానముగా నుంచిరి. నల్లజాతివారి పేర్లకు అంగీకారము సుమారు 16 శాతము తక్కువగా లభించినదని 2017లో ప్రకటించిరి. 2018లో ఆ సంస్థ, బస నిశ్చయమైన పిదపగాని అతిథి ఛాయాచిత్రము గృహస్థునకు కనబడకుండ నేర్పాటు చేసినది. ఆరిగన్ రాష్ట్రవాసుల విషయమున 2022లో పేరునకు మారుగా పొడి అక్షరములనే ముందు చూప నారంభించినది.

తలుపు తెఱచినపుడైనను ముఖము చూచి త్రోసిపుచ్చడా యని కొందఱందురు. నిజమే. కాని అంగీకరించి పిమ్మట కాదనువాడు కారణము చెప్పవలసియుండును, అది లెక్కకెక్కును. మౌనముగా త్రోసివేయువాని నెవ్వరును పట్టజాలరు. అద్దె చెల్లించు శక్తి, ఉండబోవు కాలము, వెనుకటి యింటివారి మాట: వీనిని తెలిసికొను హక్కు ఇంటివానికి కలదు. పుట్టుకను విచారింప నక్కఱలేదు.

మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలములను బట్టి అంగళ్లలో ఎవ్వరికిని అడ్డు కల్పింపరాదని రాజ్యాంగము 15(2)వ అధికరణము శాసించుచున్నది. అంగడి యను పదమును విశాలముగా గ్రహింపవలెనని 2011లో సుప్రీముకోర్టు పలికినది. ఫోనులోని అంగడి మాత్రము అంగడి కాదా?

పుట్టుకనుగూర్చిన సూచనలను స్వీకరింపకుండుడు. పేరును ముఖమును ఒప్పందమునకు వెనుకకు జరుపుడు. తిరస్కారములకు లెక్క వ్రాయుడు అని సంస్థలను నిలదీయుట మన హక్కు. ఉప్పల్, నాచారముల గృహస్థులును, కాలనీ సంఘములును తమ వాకిటి బోర్డులనుండియే యీ సంస్కారమును ప్రారంభింతురు గాక!