మోటారుకడ కరెంటు తగిలిన కూలికి పరిహారము

బావికడ కరెంటు తగిలి కూలి మరణించినప్పుడు మన గ్రామములలో సాధారణముగా జరుగునది యేమి? పెద్దలు కూర్చుండి, గ్రహచారమని నిట్టూర్చి, కర్మాంతరములకు కొంత సొమ్ము ఆతని భార్య చేతిలో నుంచి, కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొందురు. అంతటితో వ్యవహారము ముగిసినదని రైతు తలంచును. చట్టదృష్టితో చూచినచో అది మొదలుగూడ కాలేదని మేము చెప్పవలసియున్నది.

1923 సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టము 1924 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. అది మిల్లులకును గనులకును మాత్రమే చెందినదని మనలో పలువురి నమ్మకము. కాని విద్యుచ్ఛక్తితోగాని యంత్రశక్తితోగాని నడచు సాధనములతో సేద్యము చేయు పనివారును, గొట్టపు బావులను నడపువారును, మరమ్మతు చేయువారును ఆ చట్టపు రెండవ షెడ్యూలులో చేర్చబడిరి. అప్పుడప్పుడు వచ్చు కూలికి పరిహారమేమని వాదించుటకు పూర్వము కొంత ఆధారముండెను. 2000 సంవత్సరపు సవరణ ఆ మాటలను తీసివేసినది. 2025 నవంబరు 21వ తేదీనుండి ఈ చట్టమునకు బదులుగా 2020 సంవత్సరపు సామాజిక భద్రతా స్మృతి అమలు జరుగుచున్నది. మూలసూత్రము మాత్రము మారలేదు. పనిలో నుండగా, పనివలన కలిగిన ప్రమాదమునకు యజమాని పరిహార మీయవలయును. రెండెకరముల రైతైనను కూలి నిచ్చి పని చేయించుకొన్నవాడు యజమానియే. ఈ మాట మన సభ్యులకు రుచింపదని యెరుగుదుము.

మొత్తము స్వల్పము కాదు. నలువదియేండ్ల వయసున, నెలకు 10,000 రూపాయలు గడించువాడు మరణించెననుకొందము. అందులో సగమగు 5,000ను ఆ వయసునకు నిర్ణయింపబడిన 184.17తో హెచ్చింపగా 9,20,850 రూపాయలగును. వ్రేలిముద్ర పుచ్చుకొన్న పెద్దమనుషులు ఈ యంకెను ఒకమారు చూతురుగాక! హక్కును వదలుకొనునట్లు వ్రాయించుకొన్న ఒప్పందము చెల్లదని 1923 చట్టమే చెప్పినది. బ్రతికి అంగహీనుడైనవానికిని లెక్క కలదు: బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు, రెండు చేతులును పోయినచో నూటికి నూరు వంతులు నష్టముగా షెడ్యూలు గణించినది. చెప్పినమాట వినక ఫ్యూజు ముట్టినాడను సాకు మరణ విషయమున పనికిరాదు. ఇంతకును లైన్‌మన్ వచ్చువరకు ఆగలేక ఆతనిని ట్రాన్స్‌ఫార్మరు కడకు పంపిన దెవరో ఊరందరికి తెలియును.

అయినచో భారమంతయు రైతుదేనా? కాదు. తీగ తెగిపడుట వంటి లోపము లైనులో నున్నచో సరఫరా చేయువారు బాధ్యులు. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వ్యాజ్యమున 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చినది. వానలో సైకిలుపై పోవువా డొకడు రోడ్డుమీది తీగ తగిలి మరణించెను. ఎవరో కరెంటు దొంగిలించుటకు తీగ లాగిరని బోర్డు వాదించెను. అంత ప్రమాదకరమైన వస్తువును నడపువారికి అజాగ్రత్త రుజువు కాకున్నను బాధ్యత తప్పదని కోర్టు నిర్ణయించెను. తన పొలమున తానే దెబ్బతిన్న రైతునకు యజమాని యెవడును లేడు గనుక ఆతనికిని ఈ మార్గమే శరణ్యము.

ఇచ్చటనే మనవారు తమ చేటు తామే తెచ్చుకొనుచున్నారు. కేసు వచ్చునను భయముచే రాత్రికి రాత్రి అతుకుల వైరు తీసివేసి, స్టార్టరు పెట్టె మార్చివేయుదురు. దానితో లోప మెవరిదో చెప్పగల సాక్ష్యము నశించును. 2003 విద్యుత్ చట్టపు 161వ సెక్షను ప్రమాదములపై విచారణకు వీలు కల్పించినది. కరెంటు ఆపించిన పిమ్మట దేనిని కదపక, పోలీసులకును విద్యుత్ కార్యాలయమునకును వెంటనే తెలుపవలయును. పంచనామా, శవపరీక్ష నివేదిక, ఆసుపత్రి కాగితములు, కూలి చెల్లించిన లెక్క భద్రపరుపవలయును. పాతచట్టమున దరఖాస్తునకు గడువు రెండేండ్లు. అంతకాలము వేచియుండుట యెవరికిని మేలు కాదు.

ఒక్క ప్రమాదముతో చిన్నరైతు పొలము అమ్ముడుపోవచ్చును. పరిహార మందనిచో కూలి కుటుంబము వీధిని పడును. సాధారణ బీమా కంపెనీలు యజమాని బాధ్యతకు పాలసీ లిచ్చుచున్నవి. ఒక్కొక్క రైతు వేరుగా పోవుటకంటె, మోటారున్న సభ్యులందరి పక్షమున సంఘమే బేరమాడుట యుక్తము. ఎరువుల అప్పుతోపాటు ప్రీమియమును వసూలు చేయవచ్చును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును పాలకవర్గము ప్రవేశపెట్టవలయునని కోరుచున్నాము. ఆలోపల ప్రతి సభ్యుడును తన స్టార్టరు పెట్టెకు ఎర్తు తీగ యున్నదో లేదో పనితెలిసిన ఎలక్ట్రీషియనుచే చూపించుకొనవలయును.